షికారు, గస్తీ, సైర్: మన కొండల తారీఖ్

ఉర్దూలో షికార్ అంటే వేట. అదే లఫ్జ్ తెలుగులోకి దిగేసరికి తుపాకీ కింద పెట్టేసింది. విజయనగరంలో ఎవరైనా సాయంత్రం పూట "అలా షికారుకెళ్లొద్దాం రండి" అన్నారంటే, వేరుశెనక్కాయల పొట్లం పట్టుకుని గంటస్తంభం దాకా వెళ్లి రావడమని అర్థం. ఇంకో లఫ్జ్‌కి దీనికి సరిగ్గా ఉల్టా జరిగింది. ఫార్సీలో గష్త్ అంటే తిరగడం, విహరించడం. సైర్-ఓ-గష్త్ అని జంటగా వాడతారు. అది తెలుగులో 'గస్తీ' అయి చేతిలోకి లాఠీ తెచ్చుకుంది. మన జమాత్ వాళ్లు మొహల్లాలో తిరిగే గష్త్ కూడా ఇదే లఫ్జ్ అని చెబితే మా మస్జిద్‌లో ఒక బుజుర్గ్ చాలాసేపు నవ్వారు.

వేట మాట విహారమైంది, విహారం మాట పహరా అయింది. భాషలో ఇలాంటి తమాషాలు ఊరికే జరగవు. శ్రీకాకుళం, విజయనగరం కొండల తారీఖ్ చదువుతుంటే షికారు, గస్తీ, సైర్ అనే ఈ మూడు లఫ్జ్‌లూ మనుషుల్లాగే కొండెక్కుతూ దిగుతూ కనిపిస్తాయి.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? చలికాలం వస్తే మన ఇళ్లల్లో కూడా పిక్నిక్ మాటలు మొదలవుతాయి. ఎస్.కోట దగ్గర పుణ్యగిరి, తాటిపూడి, పాలకొండ అవతల సీతంపేట కొండలు, మందస పైన మహేంద్రగిరి. కుర్రాళ్లు బైకులు తుడుచుకుంటారు. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లెవరో ఒకరు అంటారు: "ఆ కొండలతో మనకేం తాలూక్? అయితే గుళ్లున్న కొండలు, లేకపోతే ఏజెన్సీ." మా దాదీ కూడా ఇదే అనేది. ఆమెకి కొండంటే దూరం నుంచి నీలంగా కనపడేది, వాన వచ్చేముందు దగ్గరికి జరిగినట్టుండేది, అంతే. ఆ సవాల్‌కి (మన అర్థంలో సవాల్, తెలుగు అర్థంలో కాదు) జవాబు తారీఖ్‌లో ఉంది. మగర్ ఆ జవాబు మొత్తం తియ్యగా ఉండదు.

గోల్కొండ ఖుతుబ్ షాహీల జమానాలో శ్రీకాకుళం ఒక సర్కార్‌కి సదర్ ముకామ్. తర్వాత వచ్చిన ఇంగ్లీషువాళ్ల నోట్లో అది చికాకోల్ అయింది. ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ అక్కడ జామియా మస్జిద్ కట్టించింది 1641లో. మన తీరంలో సముద్రం తూర్పున ఉంటుంది, కొండలు పడమరా ఉత్తరాలకి ఉంటాయి. కాబా షరీఫ్ ఇక్కడి నుంచి పడమరకి, కాస్త ఉత్తరంగా. అంటే శ్రీకాకుళం నమాజీలు మూడొందల ఎనభై ఏళ్లుగా రోజుకి ఐదుసార్లు కొండల దిక్కుకే రుఖ్ చేస్తున్నారు. అయినా ఆ కొండలు మనకి పరాయివే అనుకుంటాం. ఫౌజుదారు కూడా అలాగే అనుకుని ఉంటాడు. ఆయనకి కొండ అంటే రెండే లెక్కలు: అక్కడి నుంచి ఖజానాకి ఏం దిగుతుంది, అక్కడి నుంచి ముప్పేమైనా దిగుతుందా అని. ఎక్కి గాలి పీల్చుకుందామన్న ఖయాల్ ఆ కాలపు ఏ హుకూమత్ కాగితంలోనూ ఉండదు.

ఆ షేర్ ముహమ్మద్ ఖాన్ ఫౌజులోనే 1652 ప్రాంతంలో ఈ దేశానికి వచ్చినవాడు పూసపాటి మాధవవర్మ. ఆయన వంశమే తర్వాత విజయనగరం సంస్థానం. బొబ్బిలి వెలమ దొరల మూలపురుషుడు పెద్దారాయుడు కూడా అదే ఫౌజు వెంట వచ్చాడని బొబ్బిలి వాళ్లే చెప్పుకుంటారు. తనని పైకి తెచ్చిన ఫౌజుదారు పేరు నిలబెట్టాలని ఆయన ఊరికి పేరు పెట్టాడట. షేర్ అంటే పులి. పెద్దపులి అంటే బెబ్బులి. బెబ్బులి నోట్లో నలిగి బొబ్బిలి. ఇది ఆ ఊరి రివాయత్, తరతరాలుగా నడుస్తున్న మాట. నాకైతే ఇంతకంటే అందమైన తర్జుమా ఇంకోటి కనపడలేదు. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం గురించి బుర్రకథల్లో వింటాం, తాండ్ర పాపారాయుణ్ని తలుచుకుంటాం, బుస్సీ ఫిరంగుల్ని తిట్టుకుంటాం. ఆ ఊరి పేరులోనే ఒక ముసల్మాన్ ఫౌజుదారు తెలుగు వేషం వేసుకుని కూర్చున్న సంగతి మన పిల్లలకి ఎవరూ చెప్పరు.

విజయనగరం కోట సంగతీ అంతే. 1713లో కోటకి పునాది వేసినప్పుడు ఆ జాగా చూపించింది అక్కడ అడవిలో తపస్సు చేసుకుంటున్న మహబూబ్ వలీ అనే ముస్లిం ఫకీరని స్థానిక కథనం. ఇప్పుడు ఊరి మధ్యలో ఉన్న కోట అప్పుడు అడవన్నమాట. ఫౌజుదారు మైదానంలో మస్జిద్ కట్టి కొండల వైపు కన్నేసి ఉంచితే, ఫకీరు అడవిలోకి వెళ్లి కూర్చున్నాడు. ఫకీర్లకి ఎత్తుజాగాలంటే ముందునుంచీ ఇష్టం. విజయనగరంలోనే బాబా మెట్ట మీద ఖాదర్ వలీ బాబా దర్గా ఉంది. ఉర్స్ రోజుల్లో మెట్టెక్కే వాళ్లలో సగానికి పైగా మన మజ్‌హబ్ వాళ్లు కారు. విశాఖలో రేవు పక్కన ఇస్హాఖ్ మదనీ దర్గా ఉన్న కొండని ఊరంతా దర్గా కొండనే అంటారు. ఇటు వెంకటేశ్వరస్వామి కొండ, అటు మాత చర్చి ఉన్న రాస్ హిల్, నడుమ అది. ఓడల వాళ్లకి మూడూ ఒకేసారి కనపడతాయి.

ఇక పేష్కష్ దగ్గరికి వద్దాం. ఈ లఫ్జ్ తెలియకుండా మా జిల్లాల తారీఖ్ అర్థం కాదు. జమీందారు పైవాడికి ఏటా చెల్లించాల్సిన కప్పం పేష్కష్. ఉత్తర సర్కారులు 1753లో నిజాం నుంచి ఫ్రెంచి వాళ్లకి పోయాయి, 1765లో షా ఆలం ఫర్మానాతో ఇంగ్లీషు కంపెనీకి పోయాయి. పై చెయ్యి మారిందిగాని పేష్కష్ మారలేదు. విజయనగరం రాజు విజయరామరాజు బాకీ పడ్డాడని కంపెనీ పట్టుబట్టింది, రాజ్యం విడిచి మచిలీపట్నం పొమ్మంది. ఆయన పోలేదు. విజయనగరానికీ భీమిలికీ నడుమ పద్మనాభం కొండ కింద తన మనుషులతో దిగాడు. 1794 జులై 10న తెల్లవారుజామున కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సిపాయిలు మీదపడ్డారు. ముప్పావు గంటలో అంతా అయిపోయింది, రాజు చచ్చిపోయాడు. ఇప్పుడు ఆ కొండ మెట్లెక్కి ఫోటోలు దిగుతాం. మెట్ల కింద ఆ పొద్దున పడినవాళ్లు ఎంతమందో, ఎవరి ఫోటోలోనూ రారు.

రాజు కొడుకు నారాయణబాబు చిన్నవాడు. అతణ్ని తీసుకుని మనుషులు ఎటు పరుగెత్తారంటే కొండల్లోకే. మక్కువ వైపు కొండ జమీందార్లు పనాహ్ ఇచ్చారు. మైదానంలో ఓడినవాడికి కొండ పనాహ్ ఇవ్వడం ఇక్కడ మామూలు. ఆ మాటకొస్తే 1830ల మొదట్లో పర్లాకిమిడి, పాలకొండ జమీందారీల్లో రేగిన గొడవలు అణచడానికి కంపెనీ జార్జి రసెల్ అనే అధికారిని పంపింది. ఆయన సలహాతోనే 1839లో ఒక చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం కొండప్రాంతాలకి మామూలు కోర్టులూ కానూన్లూ వర్తించవు, గవర్నరు తరఫు ఏజెంటు చూసుకుంటాడు అని. 'ఏజెన్సీ' అనే మాట ఆ ఏజెంటు కొలువు నుంచి వచ్చింది. మన పెద్దవాళ్లు భయంగా పలికే ఆ మాట ఊరి పేరూ కాదు, అడవి పేరూ కాదు, ఒక సర్కారీ ఓహ్దా పేరు.

ఇక్కడ నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించే సంగతి ఒకటి చెప్పాలి. మన జుబాన్ ఆ కొండలెక్కింది ఏ మాటలతో? ముఠాదారు, తహశీల్దారు, అమీను, జవాను, వసూలు, జప్తు. కొండవాళ్లు తిరగబడితే దానికి పెట్టిన పేరు ఫితూరీ. అదీ మనదే, అరబ్బీ ఫుతూర్ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. కలెక్టరాఫీసు గుమాస్తా తెలుగువాడైనా, దొర ఇంగ్లీషువాడైనా దఫ్తర్ భాష మాత్రం మన పాత దఫ్తర్‌దే. సవరలకీ జాతాపులకీ మన లఫ్జ్‌లు ముందుగా చేరింది హుక్ముగా. దువాగా చేరింది చాలా తక్కువ. మన తహజీబ్ గురించి చెప్పుకునేటప్పుడు గజల్, బిర్యానీ, అత్తర్ చెప్పుకుంటాం. పేష్కష్, జప్తు కూడా మనవే.

షికారు కొండెక్కింది ఆ తర్వాత. జమీందార్లూ దొరలూ వేటకెళ్లేవాళ్లు. వేటంటే మచాన్ మీద ఒకడు తుపాకీతో కూర్చోవడం, కింద పాతికమందో వందమందో డప్పులు కొడుతూ అడవిని చుట్టుముట్టి జంతువుని అటు తోలడం. తోలేవాళ్లు కొండవాళ్లు, అదీ చాలాచోట్ల వెట్టి. కాలినడకన ముళ్లల్లో పులికి ఎదురు నడిచేది వాళ్లు, ఫోటోలో పులి మీద కాలు పెట్టేది ఇంకొకరు. 1936లో ఇండియా క్రికెట్ టీముకి కెప్టెనుగా ఇంగ్లండు వెళ్లిన మన విజయనగరం మహారాజకుమార్ 'విజ్జీ' తన జీవితంలో మూడు వందలకు పైగా పులుల్ని కొట్టానని చెప్పుకునేవాడట. ఆయన కొట్టిన పరుగుల కంటే ఆ లెక్కే పెద్దదని క్రికెట్ వాళ్లు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

తెల్లవాళ్లలో కొండని ఊరికే ఎక్కే మోజు కూడా ఆ కాలానిదే. కొండెక్కడం ఒక సరదాగా మార్చిన లండన్ ఆల్పైన్ క్లబ్బు పుట్టింది 1857లో, బొబ్బిలి యుద్ధానికి సరిగ్గా వందేళ్లకి. ఇండియాలో ఎండ తట్టుకోలేక వాళ్లు కొండమీద ఊళ్లు కట్టుకున్నారు. 1820ల నుంచే ఊటీ అలా పెరిగింది. మన వైపు కూడా అలాంటిది ఒకటి కావాలనుకుని అనంతగిరి దగ్గర గాలికొండ మీద తెల్ల సిపాయిలకి మకాం పెట్టి చూశారు. జ్వరాలు నిలవనివ్వలేదు, దిగిపోయారు. ఊటీ ఊటీ అయింది, గాలికొండ గాలికొండగానే ఉండిపోయింది. అందుకు ఆ దోమలకి షుక్రియా చెప్పాలేమో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

మన్యం జ్వరం అంటే మలేరియా. అది దోమ ద్వారా వస్తుందని రోనాల్డ్ రాస్ తేల్చింది 1897లో, మన సికిందరాబాదులోనే. అప్పటిదాకా కొండగాలి, కొండనీళ్లే విషమని అందరి యఖీన్. మా దాదీ తరం దాకా అదే యఖీన్ నడిచింది. మైదానం వాళ్లు కొండెక్కకపోవడానికి మజ్‌హబ్ కంటే, సర్కారు కంటే, ఈ బుఖార్ పెద్ద కారణం.

ఆ బుఖార్‌కి భయపడకుండా వెళ్లినవాడు ఒకాయన ఉన్నాడు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, పర్లాకిమిడిలో మేష్టరు. వాడుక తెలుగు కోసం పోరాడినాయనగా అందరికీ తెలుసు, ఆయన పుట్టినరోజే ఆగస్టు 29 తెలుగు భాషా దినం. నాకు ఆయన ఇష్టం మాత్రం ఇంకో కారణానికి. సవరలు మాట్లాడేది ఎవరికీ అర్థం కాదని అందరూ నవ్వుతుంటే ఆయన ఆ భాష నేర్చుకున్నారు. సవర మనిషిని ఇంట్లో ఉంచుకుని నేర్చుకున్నారు, కొండల్లో తిరిగి నేర్చుకున్నారు, సవర పిల్లలకి బడులు పెట్టారు. ఆ తిరుగుళ్లలో జ్వరం పట్టుకుంది, క్వినైను మింగీ మింగీ చెవులు పోయాయి. చెవులు పోయినా పని ఆపలేదు. సవర భాష వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల ఆనవాళ్లు 1919లో కనిపెట్టింది కూడా ఆయనే. ఫౌజుదారు నుంచి దొర దాకా కొండెక్కిన ప్రతివాడూ తన మాట పైకి మోసుకెళ్తే, ఈయన పైవాళ్ల మాట కిందికి తెచ్చారు. ఈ జిల్లాల్లో సైర్ అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే ముందు ఆయన పేరే చెబుతాను.

గస్తీ వంతు తర్వాత వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారు సొత్తయింది. పోడు కొట్టుకుని, చింతపండూ అడ్డాకూ ఏరుకుని బతికేవాడు తన కొండ మీదే దొంగయ్యాడు, ఫారెస్టు గార్డు గస్తీ మొదలైంది. దాని మీద షావుకారు అప్పు. భూమి చేతులు మారడం. ఇవన్నీ కలిసి 1960లలో శ్రీకాకుళం గిరిజన పోరాటం అయింది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు, కోరన్న, మంగన్న, భూస్వాముల మనుషుల తుపాకీకి బలైపోయారు. అక్కణ్నుంచి అది సాయుధ పోరాటం అయింది. దాన్ని నడిపిన ఇద్దరు మేష్టర్లు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం 1970 జులై 10న బోరి కొండల్లో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జులై 10. పద్మనాభం తారీఖు కూడా అదే, నూట డెబ్భై ఆరేళ్ల తేడాతో. ఆ ఇద్దరి దారి సరైందా కాదా అన్న బహస్ మన ఇళ్లల్లో కూడా జరిగింది, ఇక్కడ దాన్ని మళ్లీ తెరవను. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 రెగ్యులేషన్ వచ్చింది ఆ 1970లోనే. అది ఊరికే రాలేదని అందరికీ తెలుసు.

ఆ తర్వాత చాలా ఏళ్లు సీతంపేట, పార్వతీపురం కొండలకి ఊరికే తిరిగి రావడానికి వెళ్తున్నామంటే ఎవరూ నమ్మేవాళ్లు కారు. గస్తీ అంటే గస్తీయే. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి షికార్ ఆగిపోయింది. అలా షికార్ అడవి వదిలి పూర్తిగా గంటస్తంభం దగ్గరికి దిగిపోయింది.

మరి మన సైర్ ఎక్కడుంది? కొండ మీద మనకి పిక్నిక్ రివాజ్ లేదనేవాళ్లకి నేను ఒక కితాబ్ పేరు చెబుతాను. ఏలూరు నివాసి జాఫర్ షరీఫ్ దక్కనీలో రాసిన 'ఖానూన్-ఎ-ఇస్లాం'. మద్రాసు సైన్యంలో డాక్టరుగా ఉన్న హెర్‌క్లాట్స్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి 1832లో లండన్‌లో అచ్చు వేయించాడు. దక్షిణాది ముసల్మానులు పుట్టుక నుంచి చావు దాకా ఏం చేసేవాళ్లో, ఏం తినేవాళ్లో, ఏ నెలలో ఏ రోజు ఏమిటో అందులో ఉంది. రాసినవాడు తెలుగు దేశపు ముసల్మాన్, ఇది మనం గర్వపడాల్సిన సంగతి. ఆయన సఫర్ నెల ఆఖరి బుధవారం, అంటే ఆఖరీ చహార్ షంబా గురించి రాశాడు. ఆ రోజు స్నానం చేసి, మంచి బట్టలు కట్టి, అత్తర్ పూసుకుని కుటుంబాలు తోటలకి వెళ్లి పచ్చగడ్డి మీద నడిచేవట. మన ముత్తాతలకి ఏడాదికో రోజు పచ్చిక మీద నడవడం ఒక పనిగా ఉండేదన్నమాట. ఇప్పటి ఉలమాలో చాలామంది ఆ రోజుకి దీన్‌లో ఆధారం లేదంటారు. నిజమే, దాన్ని ఇబాదత్ అనుకుంటే తప్పు. మగర్ దాంతోబాటు గడ్డి మీద నడిచే అలవాటు కూడా పోయింది. పిల్లల్ని ఇప్పుడు మాల్‌కి తీసుకెళ్తున్నాం. అది ఏ ఉలమా చెప్పారని?

దీన్ సంగతే మాట్లాడితే, మనకి కొండలు కొత్తవి కావు. జబల్-ఎ-నూర్ మీద హిరా గుహ, సౌర్ గుహ, ఉహుద్. ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఉహుద్ కొండని ప్రేమించేదిగా, ప్రేమించదగ్గదిగా చెప్పిన హదీసు మన పిల్లలకి మద్రసాలోనే తెలుస్తుంది. భూమ్మీద తిరిగి వెనకటి ఖౌమ్‌ల గతి ఏమైందో చూడమని ఖుర్ఆన్ పదే పదే చెబుతుంది. అక్కడ తిరగడానికి వాడిన మాటా, మన సైర్ మాటా ఒకే ధాతువు నుంచి వచ్చాయి. సీరత్ కూడా దాన్నుంచే. అంటే సైర్ అన్నప్పుడు చూసి తెలుసుకోవడం అందులోనే ఉంది.

ఇక గుళ్లున్న కొండల మాట. విజయనగరానికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో రామతీర్థం ఉంది. అక్కడి గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల ఇటుక గోడలు ఉన్నాయి. పక్కనే దుర్గకొండ గుహలో జైన విగ్రహాలు, తూర్పు చాళుక్య విమలాదిత్యుడి కాలపు శాసనం. త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైన గురువు వచ్చి ఈ రామకొండకి నమస్కరించాడని వెయ్యేళ్ల కిందట చెక్కారు. బోధికొండ మీద కోదండరాముడు. ఒక్క ఊరి కొండల మీద బుద్ధుడు, జినుడు, రాముడు వంతులవారీగా ఉండి వెళ్లారు, కొందరు ఉండిపోయారు. అదే బోధికొండ మీద 2020 డిసెంబరులో ఎవరో రాముడి విగ్రహం శిరస్సు ఖండించారు. ఆ వారం మన ఇళ్లల్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. ఏ పేరు బయటికొస్తుందో అని గుండెల్లో దడ. ఆ దడ గురించి రాయకుండా కొండల మీద విహారం గురించి రాస్తే అబద్ధం రాసినట్టే. గుడి కట్టి మళ్లీ ప్రతిష్ఠ చేశారు. మనవాళ్లలో ఆ వైపు వెళ్లడం మానేసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను మాత్రం గురుభక్తులకొండ ఎక్కడం మానలేదు. అక్కడ ఇటుకల మధ్య కూర్చుంటే చుట్టూ వరిచేలు, చెరువులు కనపడతాయి. కాపలా ఆయన నా టోపీ చూసి ఒక్కసారి ఆగాడు, తర్వాత మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పాడు.

మహేంద్రగిరి అన్నిటికంటే పెద్దది, 1501 మీటర్లు. కళింగ గాంగరాజులకి దాని మీది గోకర్ణేశ్వరుడు ఇలవేల్పు. సముద్రగుప్తుడి అలహాబాద్ స్తంభశాసనంలో దాని పేరుంది. చోళులు ఇంత దూరం వచ్చి తమ పులి, చేపల గుర్తుతో శాసనం వేసుకున్నారు. పెద్ద పెద్ద రాళ్లు పేర్చి కట్టిన గుళ్లని భీముడి గుడి, కుంతి గుడి అంటారు. పరశురాముడు అక్కడే ఉన్నాడని నమ్మకం, శివరాత్రికి రెండు రాష్ట్రాల జనం ఎక్కుతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం వేరుపడ్డాక శిఖరం అటు పోయింది, కింద మందస ఇటు ఉండిపోయింది. ఈ మధ్య నౌకాదళం ఒక యుద్ధనౌకకి ఆ కొండ పేరు పెట్టుకుంది. అక్కడ పుట్టిన మహేంద్రతనయ నీళ్లకి సరిహద్దు తెలీదు. ఒక పాయ వంశధారలో కలుస్తుంది, ఇంకోటి బారువ దగ్గర సముద్రంలో. శ్రీకాకుళం జిల్లాలో ఎందరో తాగే నీళ్లలో, వజూ చేసే నీళ్లలో ఆ కొండ ఉంది. ఇంతకంటే తాలూక్ ఏం కావాలి?

ఇప్పుడు టూరిజం వచ్చింది. సీతంపేట వైపు ఆడలి, జగతిపల్లి వ్యూ పాయింట్లు, మెట్టుగూడ జలపాతం ఆదివారాలు కిటకిటలాడుతున్నాయి. గిరిజన కుర్రాళ్లు కొందరు దానివల్ల నాలుగు రూపాయలు చూస్తున్నారు. మంచిదే. మగర్ వెళ్లేవాళ్లలో పాత ఫౌజుదారు ఇంకా బతికే ఉన్నాడు. పైనాపిల్ అమ్మే ముసలామెతో పది రూపాయలకి బేరం చేసేటప్పుడు, పోడు చేలో అడ్డంగా బైకు దింపేటప్పుడు, "ఏయ్, ఇటు రా" అని పిలిచేటప్పుడు. కొండ మీద పెద్దవాళ్లని మన ఇంట్లో చాచా, ఖాలా అన్నట్టే బాబు, అమ్మ అని పిలవాలి. అడక్కుండా ఫోటో తీయకూడదు, ముఖ్యంగా ఆడవాళ్లని.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. వానల్లో రాళ్లు జారతాయి, జలపాతాల్లో ఏటా పిల్లలు పోతున్నారు. పార్వతీపురం వైపైతే ఒడిశా నుంచి దిగిన ఏనుగులు కొన్నేళ్లుగా తిరుగుతున్నాయి, ప్రాణాలు పోయాయి కూడా. అవి ఎక్కడున్నాయో ముందు ఊళ్లో అడిగే కదలాలి. ఇప్పటికీ దోమలున్నాయి, పొడుగు చేతుల బట్టలు మన ఆడపిల్లలకి ఎలాగూ అలవాటే, మగపిల్లలు కూడా వేసుకోవాలి. మహేంద్రగిరికి పర్లాకిమిడి వైపు నుంచి జీపు చాలా పైదాకా పోతుంది, బుజుర్గ్‌లకి అది నయం. వంట ఇంట్లోనే చేసి పట్టుకెళ్లండి. గుళ్ల దగ్గర మాంసం విప్పకండి, ఆ రోజుకి కూరగాయల పులావ్ చాలు. వాగులో వజూ చేయొచ్చు, సబ్బు మాత్రం వద్దు, కింద ఊరు ఆ నీళ్లే తాగుతుంది. జానమాజ్ గుళ్లకి దూరంగా పరుచుకోండి. అక్కడ ఖిబ్లాకి తిరిగితే సముద్రం వెనక్కి పోతుంది, ఎదురుగా మళ్లీ కొండలే. జొహర్ పైన చదువుకుని రెండింటికల్లా దిగడం మొదలుపెట్టాలి. డిసెంబరులో మగ్రిబ్ ఐదుంబావు దాటగానే వచ్చేస్తుంది, అడవిలో చీకటి అంతకంటే ముందే పడుతుంది.